దుప్పటి కప్పుకున్న కుక్క: మెక్సికోలో షోలో పెంపకం

షోలోయిట్జ్‌క్వింట్లి మెక్సికోకు చెందిన కుక్కల జాతి. వాడుకలో షోలో అంటారు. నడినెత్తిన, తోక కొసన, పాదాల మీద నాలుగు బిరుసు వెంట్రుకలు ఉంటే ఉంటాయి, మిగతా ఒళ్లంతా నున్నటి తోలే. ఈ జాతిలో మూడు పరిమాణాలున్నాయి. వాటిలో చిన్న రకం భుజం దగ్గర 25 నుంచి 35 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. చలిని, ఎండను ఆపే బొచ్చు లేదు కాబట్టి ఈ జంతువు ఏ కాలంలోనైనా మనిషి సంరక్షణ మీదే ఆధారపడింది. ఆ సంరక్షణకు కారణాలు మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి.

వెంట్రుకలు లేకపోవడానికి మూలం ఫాక్స్ఐ3 అనే జన్యువులో వచ్చిన చిన్న మార్పు. 2008లో శాస్త్రజ్ఞులు దీన్ని గుర్తించారు. పెరూ బోడి కుక్కలోనూ, చైనీస్ క్రెస్టెడ్ జాతిలోనూ ఇదే మార్పు కనిపించింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఈ మార్పు అందిన పిండం కడుపులోనే నశిస్తుంది. అంటే బతికున్న ప్రతి బోడి కుక్కలోనూ ఒక మారిన ప్రతి, ఒక మామూలు ప్రతి ఉంటాయి. అందువల్ల రెండు బోడి కుక్కలకు పుట్టిన కూనల్లో సగటున మూడింట ఒకటి బొచ్చుతోనే పుడుతుంది. ఇదే జన్యువుకు పళ్ల ఎదుగుదలతోనూ సంబంధం ఉంది. బోడి షోలోలకు అగ్రచర్వణకాలు చాలావరకు ఉండవు. తవ్వకాల్లో బయటపడిన ఎముకలను చూసి ఆ కుక్కకు బొచ్చు ఉండేదో లేదో చెప్పడానికి పురావస్తు శాస్త్రజ్ఞులకు దవడే ఆధారం.

పశ్చిమ మెక్సికోలోని కొలీమా ప్రాంతంలో, సుమారు క్రీ.పూ. 300 నుంచి క్రీ.శ. 300 వరకు, భూమిలోకి నిలువుగా తవ్విన సమాధుల్లో మట్టితో చేసిన కుక్క బొమ్మలను ఉంచేవారు. ఎర్రటి మెరుగు పెట్టిన ఆ బొమ్మల్లో చాలావాటికి బొద్దుగా పొట్ట ఉంటుంది. అవన్నీ బోడి కుక్కలేనని చెప్పడానికి వీల్లేదు. కానీ కుక్కను బాగా మేపేవారనీ, చనిపోయినవారికి తోడుగా పంపేవారనీ వాటిని చూస్తే తెలుస్తుంది.

లిఖిత సాక్ష్యం 16వ శతాబ్దంలో దొరుకుతుంది. స్పానిష్ సన్యాసి బెర్నార్దినో దె సాహగున్ నావాట్ల్ భాష మాట్లాడే పెద్దలను అడిగి రాయించిన ఫ్లోరెంటైన్ కోడెక్స్‌లో షోలో ప్రస్తావన ఉంది. దానికి వెంట్రుకలే ఉండవని, రాత్రిపూట దుప్పటి కప్పి పడుకోబెడతారని అందులో రాశారు. బోడితనానికి రెండు కారణాలు చెప్పారు. కూనగా ఉన్నప్పుడు ఒంటికి ఒక రకం చెట్టు జిగురు పూస్తే వెంట్రుకలు రాలిపోతాయని కొందరి మాట. తెయోట్లిష్కో, తోసిలాన్ అనే ఊళ్లలో అవి పుట్టుకతోనే అలా ఉంటాయని మరికొందరి మాట. ఈ రెండో మాటే నిజమని జన్యుశాస్త్రం తేల్చింది.

నావాట్ల్ మాట్లాడే అజ్టెక్ సమాజంలో కుక్క ఆహారం కూడా. వర్తకుల విందుల్లో కింద కుక్క మాంసం, దాని మీద టర్కీ కోడి మాంసం వడ్డించేవారని సాహగున్ రాశాడు. ఇప్పటి మెక్సికో నగరానికి ఈశాన్యాన ఉన్న అకోల్మాన్ కుక్కల సంతకు పేరుపొందిన ఊరు. డియేగో దురాన్ అనే మరో సన్యాసి అక్కడికి వెళ్లినప్పుడు చిన్నవీ పెద్దవీ కలిపి నాలుగు వందలకు పైగా కుక్కలు అమ్మకానికి కనిపించాయి. ఆవులు, గొర్రెలు దండిగా దొరుకుతున్న రోజుల్లో కూడా జనం కుక్క మాంసం కొనడం ఆయనకు వింతగా తోచింది. ఆ సంతలో ఉన్నవన్నీ బోడి కుక్కలు కావు. మాంసానికి పెంచినవి వేరే పొట్టి జాతులని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

కుక్క చివరి పని పరలోకానికి దారి చూపడం. మృతుడు మిక్ట్లాన్ అనే పాతాళాన్ని చేరడానికి నాలుగేళ్లు నడవాలని, దారిలో వెడల్పాటి నది దాటాలని నమ్మేవారు. వైతరణి దాటించడానికి మన దగ్గర గోదానం చేసినట్టు, అక్కడ మెడకు నూలు తాడు కట్టిన పసుపు వన్నె కుక్కను చంపి శవంతో పాటు దహనం చేసేవారు. ఇప్పుడే ఒళ్లు కడుక్కున్నానని తెల్ల కుక్క, ఒంటికి మరకలయ్యాయని నల్ల కుక్క సాకులు చెప్పి తప్పుకుంటాయని, పసుపు వన్నెదే యజమానిని వీపున మోసి దాటిస్తుందని కథ.

స్పానిష్ పాలనలో ఈ ఆచారాలపై నిషేధం పడింది. పందులు, ఆవులు రావడంతో కుక్క మాంసం అవసరం తగ్గింది. ఐరోపా కుక్కలతో కలిసి జాతి పలచబడింది. గెరెరో వంటి మారుమూల కొండ ప్రాంతాల పల్లెల్లో మాత్రం షోలోలు మిగిలాయి. అక్కడ వాటికి వైద్యపరమైన విలువ ఉండేది. కీళ్లనొప్పులున్నవాళ్లు నొప్పి ఉన్నచోట కుక్కను ఆనించుకుని పడుకునేవారు. నిజానికి షోలో ఒంటి వేడి మిగతా కుక్కలకున్నంతే. మధ్యలో బొచ్చు అడ్డం లేకపోవడంతో చేతికి ఎక్కువ వేడిగా తగులుతుంది.

అమెరికన్ కెనెల్ క్లబ్ 1887లోనే ‘మెక్సికన్ హెయిర్‌లెస్’ పేరుతో ఒక కుక్కను నమోదు చేసింది. కానీ సంఖ్య మరీ తగ్గిపోవడంతో 1959లో జాతిని జాబితా నుంచి తీసేసింది. అప్పటికే మెక్సికోలో పునరుద్ధరణ మొదలైంది. బ్రిటిష్ అధికారి నార్మన్ పెలామ్ రైట్ బృందం 1954లో గెరెరోలోని బల్సాస్ నదీ ప్రాంతంలో వెతికి మేలైన కుక్కలను తెచ్చింది. వాటితోనే కొత్త తరాలు పెంచారు. 1956లో అంతర్జాతీయ కుక్కల సమాఖ్య గుర్తింపు వచ్చింది. చిత్రకారులు డియేగో రివెరా, ఫ్రీడా కాలో కోయోకాన్‌లోని తమ ఇంట్లో షోలోలను పెంచారు. 1949లో ఫ్రీడా వేసిన ఒక చిత్రంలో ‘సెన్యోర్ షోలోట్ల్’ అనే కుక్క ఉంది. విప్లవానంతర మెక్సికోలో స్థానిక మూలాలను గౌరవించే ఊపు షోలోను జాతి చిహ్నంగా మార్చింది. 2011లో అమెరికన్ కెనెల్ క్లబ్ కూడా మళ్లీ పూర్తి గుర్తింపునిచ్చింది.

పళ్లెం నుంచి, శ్మశానం నుంచి ఇంట్లోకి వచ్చిన షోలోకు ఇప్పుడు నిండు జీవితం దొరుకుతోంది. దాంతో పెంపకం వయసును బట్టి విడిపోయింది. ఏ జాతి కూనలైనా మొదటి రెండు వారాలు సొంతంగా ఒంటి వేడిని నిలుపుకోలేవు. బోడి కూనలకు ఆ ఇబ్బంది మరింత ఎక్కువ కాబట్టి వెచ్చటి గూడు, తల్లి స్పర్శ తప్పనిసరి. ఎదిగే వయసులో రోమకూపాలు పూడి మొటిమలు వస్తాయి. అప్పుడు తేలికపాటి సబ్బుతో కడగాలి. నూనె అతిగా రాస్తే రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయి. పెద్ద కుక్కకు చలిలో స్వెట్టర్, ఎండలో నీడ కావాలి. ముదురు రంగు తోలు ఎండను కొంత తట్టుకుంటుంది, గులాబీ రంగు మచ్చలున్నచోట మాత్రం త్వరగా కమిలిపోతుంది. గీతలు, పురుగు కాట్లు సులువుగా పడతాయి కాబట్టి తోలును రోజూ చూడాలి. షోలోలు సాధారణంగా 13 ఏళ్లు దాటి బతుకుతాయి. ముసలితనంలో ఉన్న కొద్ది పళ్లూ ముందే ఊడతాయి కనుక మెత్తటి తిండి, క్రమం తప్పని దంత పరీక్ష అవసరమవుతాయి. పంటి లోపం ఎలాగూ పుట్టుకతో వచ్చిందే కాబట్టి, ప్రదర్శనల్లో బోడి షోలోకు పళ్లు తక్కువైనా న్యాయనిర్ణేతలు తప్పుగా లెక్కించరు.