కార్డుది వేడా, వయసా?

మే నెల మధ్యాహ్నం. ప్యారడైజ్ దగ్గర మెట్రో దిగి పార్క్‌లేన్ వైపు నడుస్తున్నారు మీరు. తారురోడ్డు సెగ చెప్పుల్లోంచి కూడా తెలుస్తోంది. వీపు మీది బ్యాగులో, బబుల్ కవరులో చుట్టిన ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు. 2020 సెప్టెంబరులో ఇది వచ్చినప్పుడు మన దేశంలో ప్రకటించిన ధర 71,000 రూపాయల నుంచి మొదలు. ఈథర్ మైనింగ్ వాళ్లూ, ఇళ్లలో చిక్కుకుపోయిన గేమర్లూ ఎగబడిన ఆ రోజుల్లో అది అసలు ధరకు దొరకడమే గొప్ప. అంత ఇష్టపడి కొన్న కార్డు, ఎండలు ముదిరిన దగ్గర్నుంచి సైబర్‌పంక్ 2077 పెట్టిన అరగంటకే హోరెత్తుతోంది. ఆపైన ఆట తడబడుతోంది.

చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోకి అడుగు పెట్టారు. ఇరుకు వరండాలు, ఒకదాన్నొకటి ఆనుకున్న దుకాణాలు, భుజాన అట్టపెట్టెలతో తోసుకుపోయే కుర్రాళ్లు. ఒక అద్దాల అరలో, కార్డును నీటితో చల్లబరిచే వాటర్ బ్లాక్ మెరుస్తోంది. నికెల్ పూత, పారదర్శకమైన పైమూత, లోపల వెంట్రుకల్లాంటి సన్నని గాళ్లు. కాళ్లు ఆగిపోయాయి. దాని పక్కనే ఆర్‌టీఎక్స్ 5070 పెట్టె, 2025లో 59,000 రూపాయలకు ప్రకటించిన కార్డు. రెండూ రమ్మంటున్నాయి.

చిప్ లెవల్ రిపేరు చేసే కౌంటరు దగ్గరికి వెళ్లి మీ గోడు చెప్పుకున్నారు.

"రీడింగులు తీసినవా అన్నా?" మైక్రోస్కోపు మీంచి తలెత్తి అడిగాడు కుర్రాడు.

ఫోన్‌లో ఫోటో చూపించారు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెర మీద కోర్ 83 డిగ్రీలు, మెమరీ జంక్షన్ 108.

"కోర్ ఏం కాలే. మెమరీ ఉడుకుతుంది. నూట పదికి పోతే అదే స్పీడు తగ్గించుకుంటది."

"మరి వాటర్ కూలింగ్ పెడితే?"

"వేడి తగ్గుతది. పది జీబీ మెమరీ పదహారు కాదు కదా అన్నా."

అక్కడే నిలబడి లెక్క వేసుకోండి. బ్లాక్, పంపు, రిజర్వాయర్, 360 ఎంఎం రేడియేటర్, ఫిట్టింగులు, గొట్టాలు కలిపితే ముప్పై వేలు సులువుగా దాటుతుంది. ఆ బ్లాక్ మీ కార్డు బోర్డుకే సరిపోతుంది. రేపు కార్డు మారిస్తే మిగిలేది పంపూ రేడియేటరే. ఎన్‌విడియా కార్డులు చల్లగా ఉన్నకొద్దీ 15 మెగాహెర్ట్జ్ మెట్లలో క్లాక్ పెంచుకుంటాయి కాబట్టి, 1,850 దగ్గర ఆడేది 1,920కి వెళ్లిందనుకుందాం. అరవై ఫ్రేములు వచ్చే చోట అరవై రెండు. నీళ్లు కదా, కుండలో లాగా చల్లబడతాయనుకోకండి. మట్టికుండలో నీరు చల్లబడేది గోడల్లోంచి కొంచెం కొంచెంగా ఆవిరవుతుంది కనుక. ఇక్కడ గొట్టాలు మూసే ఉంటాయి, నీరు గది గాలి కన్నా చల్లబడే దారి లేదు. డాబా కింద మీ గది 36 డిగ్రీలుంటే లెక్క అక్కణ్ణుంచే మొదలు. కార్డు లాగే 320 వాట్లూ ఎలాగూ ఆ గదిలోకే వస్తాయి. చప్పుడు తగ్గాలని వాటర్ కూలింగ్ పెట్టుకునే వాళ్లను నేను కాదనను, ఆ నిశ్శబ్దం నిజంగా బాగుంటుంది. ఫ్రేముల కోసమంటే మాత్రం ఒప్పుకోను.

"ముందు విప్పి చూద్దాం" అంటూ కుర్రాడు స్క్రూడ్రైవర్ తీశాడు.

దగ్గరికి వంగండి. స్ప్రింగు స్క్రూలు నాలుగూ మూలమూలగా, ఒక్కో చుట్టు చొప్పున వదులు చేస్తున్నాడు. హీట్‌సింక్‌ను లాగడం లేదు, అటూ ఇటూ మెల్లగా తిప్పుతున్నాడు. పటుక్కున వదిలింది. ఫ్యాన్ల వైర్లు ఇంకా బోర్డుకే ఉన్నాయి, గోటితో కనెక్టర్లను ఊడదీశాడు. జీపీయూ మీద పేస్టు అంచులకు జారి, నడుమ పలచని పొరే మిగిలింది. థర్మల్ ప్యాడ్లు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. వాటి నూనె కారి బోర్డు జిడ్డుగా నిగనిగలాడుతోంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక బోర్డు బయటపడింది. జీపీయూ చుట్టూ మెమరీ చిప్పులకు పన్నెండు చోట్లు. చిప్పులు పదే. రెండు చోట్ల ఉత్త టాంకం చుక్కలు. పది చిప్పులు, ఒక్కోటి ఒక జీబీ. మీ కార్డు హద్దు అదిగో, వేలు పెట్టి చూపించొచ్చు. 2022 జనవరిలో వచ్చిన 12 జీబీ రకంలో ఆ రెండూ నిండాయి. మీ దాంట్లో ఆ దారులు జీపీయూలోనే మూసేశారు, చిప్పులు అతికించినా పలకవు. 2023 ఏప్రిల్‌లో సైబర్‌పంక్‌కు పాత్ ట్రేసింగ్ వచ్చాక మీ కార్డు రొప్పడం మొదలైంది. 40 సిరీస్‌తో వచ్చిన ఫ్రేమ్ జనరేషన్ దీనికి లేదు. వీటిలో ఏదీ వేడి వల్ల వచ్చిన చిక్కు కాదు.

పాత ప్యాడ్ల మందాన్ని వెర్నియర్‌తో కొలిచి, కొత్తవి కోసి పెడుతున్నాడు. మందం ఎక్కువైతే హీట్‌సింక్ జీపీయూ మీద సరిగ్గా కూర్చోదు, తక్కువైతే మెమరీకి తగలదు. పేస్టు రాశాడు, బిగించాడు, బెంచి మీద ఎక్కించాడు. మీ చూపంతా మెమరీ జంక్షన్ గడి మీదే. 74. 80. 84. చాలాసేపటికి 86 దగ్గర నిలబడింది.

"ఇక్కడ ఏసీ ఉంది. ఇంట్లో ఇంకొంచెం ఎక్కువే వస్తది" అని ముందే చెప్పేశాడు. తర్వాత ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కి వోల్టేజి గీత తెరిచాడు. 0.850 వోల్టుల దగ్గర 1,800 మెగాహెర్ట్జ్ అని బిందువు పైకి లాగి, అక్కణ్ణుంచి గీత చదును చేశాడు. 320 చూపించే వాట్లు 250 చుట్టూ తిరుగుతున్నాయి. ఫ్రేములు రెండో మూడో తగ్గాయి, ఫ్యాన్ల హోరు సగమైంది. నాలుగు గంటలు ఆడితే గదిలోకి పోసే వేడిలో ఈ వాట్ల తగ్గుదల చిన్న తేడా కాదు.

"అయితే 5070 తీసుకోనా?"

"దాంట్ల పన్నెండే అన్నా. ఇంత ఆగినవ్, పదహారు జీబీది చూసుకో."

నాకూ అదే సరైన మాట అనిపిస్తుంది. 1440పి మానిటర్ మీద, టెక్స్చర్లు ఒక మెట్టు దించి, పాత్ ట్రేసింగ్ ఆపుకుంటే ఈ 3080 ఇంకా హాయిగా ఆడుతుంది. ప్యాడ్లకూ పనికీ డబ్బులిచ్చి, కార్డును మళ్లీ బబుల్ కవరులో చుట్టారు. బ్లాక్‌కు పెట్టాలనుకున్న ముప్పై వేలు ఖాతాలోనే ఉన్నాయి, కొత్త కార్డు లెక్కలో మొదటి వాయిదాగా.