గుడారంలో చల్లదనం

వేసవిలో గుడారంలో ఒక పగలు గడిపినవారికి దాని స్వభావం బాగా తెలియును. తెల్లవారుజామున హాయిగానే ఉంటుంది. జాము ప్రొద్దెక్కేసరికి గుడ్డ కాగుతుంది. ఆ వేడి లోపలి గాలికి సోకుతుంది. ఆ గాలికి వెలుపలికి పోయే దారి ఉండదు. మట్టిగోడ పగటి ఎండను సాయంకాలం దాకా తనలోనే ఆపుకొనగలదు. గుడ్డకు ఆ శక్తి లేదు. మరి నెలల తరబడి గుడారాలలో నివసిస్తూ, అక్కడినుండే రాజ్యమేలిన మొగలు చక్రవర్తులు ఉత్తరదేశపు వడగాలిని ఎట్లు తట్టుకొన్నారు? ఆ కథలో విజ్ఞానమూ ఉన్నది, వైభవమూ ఉన్నది. వాటి వెనుక నీళ్లు మోసిన మనుష్యులూ ఉన్నారు.

1526లో పానిపట్టు గెలిచిన బాబరు, ఈ దేశంలో మంచుగడ్డ లేదని, చల్లని నీరు దొరకదని తన స్మృతులలో ఫిర్యాదు చేసినాడు. ఆయన మనుమడు అక్బరు కాలానికి ఆ కొరత చాలవరకు తీరినది. ఎట్లు తీరినదో అబుల్ ఫజల్ తన ఐనీ అక్బరీలో వివరంగా వ్రాసినాడు.

మొదటి సాధనం వట్టివేరు. వెదురు చట్రాలలో వట్టివేళ్లు కూరి గదులవలె కట్టించి, వాటిపై నీళ్లు చల్లించేవారు. నడివేసవిలోనే శీతకాలం వచ్చినట్లుండేదని అబుల్ ఫజల్ మెచ్చుకొన్నాడు. ఇందులో మాయ ఏమీ లేదు. ఒక గ్రాము నీరు ఆవిరి కావలెనంటే సుమారు 580 కెలోరీల వేడి కావలెను. తడిసిన వేళ్లగుండా గాలి వీచినప్పుడు నీరు ఆ వేడిని గాలినుండే తీసుకొని ఆవిరి అగును. గాలి చల్లబడి, సువాసనతో లోపలికి వచ్చును. అయితే ఈ పనికి పొడిగాలి కావలెను. ఢిల్లీ, లాహోరు ప్రాంతాల వేసవిగాలి పొడిగా ఉండడంవల్ల తడికలు అక్కడ అంతగా ఫలించినవి. చెమటే ఆరని మన సముద్రతీరంలో, ఉక్క పోసే దినాన, అదే తడిక అంత మేలు చేయలేదు.

రెండవ సాధనం సురేకారం. తుపాకిమందులో మంట పుట్టించే ఈ పదార్థమే నీటిలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకొనును. రెండున్నర సేర్ల సురేకారాన్ని ఐదు సేర్ల నీటిలో కలిపి, సేరు మంచినీరు పోసి మూతి బిగించిన లోహపు కూజాను అందులో పావుగంట త్రిప్పితే త్రాగే నీరు చల్లబడునని ఐనీ అక్బరీ లెక్కతో సహా చెప్పుచున్నది. 1586లో కొలువు పంజాబుకు తరలిన తరువాత మంచు కూడా వచ్చినది. లాహోరుకు సుమారు 45 కోసుల దూరాన ఉన్న కొండల నుండి పడవలమీద, బండ్లమీద, మనుష్యుల తలలమీద దానిని తెచ్చేవారు.

మూడవ సాధనం గుడారపు గుడ్డయే. దీనిని గురించి చెప్పినవాడు ఫ్రెంచి వైద్యుడు బెర్నియే. 1664 డిసెంబరులో ఔరంగజేబు ఢిల్లీ నుండి కాశ్మీరుకు బయలుదేరినప్పుడు, తన పోషకుడైన దానిష్‌మంద్ ఖానుతో ఆయన కూడ వెళ్లినాడు. రాజుగారి గుడారాలకు బయట ముతక ఎర్రగుడ్డ, లోపల మచిలీపట్నంలో అందుకొరకే తయారైన పూల అద్దకపు అస్తరు ఉండేవని ఆయన వ్రాసినాడు. అప్పటికి బందరు గోలకొండ రాజ్యపు రేవు. చిరివేరు ఎరుపుతో మన అద్దకంవారు తీర్చిన పువ్వులు పంజాబు మైదానంలో పాదుషా తలపై నీడపట్టినవి. రెండు పొరలు కేవలం అందానికి కావు. పైగుడ్డ ఎండను భరించును. రెంటి నడుమ గాలి ఉన్నయెడల ఆ వేడి లోపలికి దిగకుండ చాలవరకు ఆపును.

ప్రయాణానికి గుడారాలు రెండు జతలుండేవి. ఒక దానిలో రాజు విడిది చేయగా, రెండవది మరునాటి మజిలీకి ముందే సాగిపోయేది. కనుక ఎండలో నిలిచి డేరా లేచేవరకు వేచియుండే అవసరం ఆయనకు లేదు. కాని ఆ సౌకర్యానికి ఎంత కావలసివచ్చెనో చూడండి. అక్బరు కాలపు లెక్క ప్రకారం ఒక విడిదిని మోయుటకు 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది బోయీలు. డేరాలెత్తి సర్దడానికి వెయ్యిమంది ఫరాసులు. నీళ్లు మోయుటకు 100 మంది భిస్తీలు. తడికమీద పడిన ప్రతి బిందువూ ఎవరి వీపుమీది తోలుతిత్తిలోనో వచ్చినదే.

బెర్నియే మరొక చిన్న పరికరాన్ని వర్ణించినాడు. అది ఎర్రగుడ్డ తొడిగిన తగరపు కూజా. గుడ్డను తడిపి, గాలి తగిలేటట్లు సేవకుడు దానిని చేత పట్టుకొని నడిచేవాడు. లోపలి నీరు చల్లబడేది. నీరు యజమానిది, ఎండ మాత్రం సేవకునిది.

1665లో లాహోరు దాటి భింబరు కొండలవైపు సాగినప్పుడు ఎండ మితిమీరినది. ఆ మార్గంలో బెర్నియే వ్రాసిన లేఖలు నేటికీ చదువరిని కలవరపెట్టును. సూర్యుడు పొడిచేసరికే వేడి భరించరాకుండెను. ఆయన ముఖమూ, చేతులూ, పాదాలూ చర్మం ఊడిపోయినవి. ఒళ్లంతా చెమటపొక్కులు సూదులవలె గ్రుచ్చినవి. తనకు మిగిలిన ఆశ నాలుగైదు నిమ్మకాయలు, నీళ్లలో కలుపుకొని త్రాగే కొద్దిపాటి ఎండు పెరుగు మాత్రమే అన్నాడు. కలం కొననే సిరా ఎండిపోవుచున్నదని ముగించినాడు. అదే లేఖలో ఒక సంగతి క్లుప్తంగా చెప్పినాడు. గుడారం లేని పేద రౌతు ఒకడు నీడకొరకు ప్రాకి చేరిన చెట్టు మొదట చనిపోయి కనబడినాడట. అతని పేరు ఎవరూ వ్రాయలేదు.

ఒకే దండు, ఒకే ఎండ. ఒకచోట బందరు అస్తరు క్రింద చల్లని నీడ. మరొకచోట ఒక చెట్టు మొదలు. చల్లబరచే విద్య తెలియక ఆ రౌతు మరణించలేదు. ఆ విద్య అతనిదాకా రాలేదు.

ఆ విద్యలో ఏదీ రాజులకే చెందినది కాదు. డేరాను చెట్టునీడన, గాలివాలు చూచి వేయడం, ఎదురెదురుగా రెండుదిక్కుల తెరచి ఉంచడం, పైన కొంత ఎడంగా మరొక గుడ్డ కట్టడం, గాలి వచ్చే వైపు తడిబట్ట వ్రేలాడదీయడం, ఎండ ముదరకముందే నడక ముగించడం, దాహం వేయకముందే ఉప్పువేసిన మజ్జిగ త్రాగడం నేడు విహారానికి వెళ్లే యువకులకైనా, పొలిమేరలో డేరాలు వేసుకొనే కూలీలకైనా పనికివచ్చేవే. వేసవిలో గుడారం వేసేటప్పుడు మొదట నీటిని చూడవలెను. ఆ వెంటనే, ఆ నీరు మోసుకొని వచ్చేవానికి నీడ ఉన్నదో లేదో చూడవలెను.