పాత బండ్ల బ్రేకు షూలు: మల్లాపూర్ వైపు లైనరు పని

హైదరాబాద్ తూర్పున ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు ఒకదానినొకటి ఆనుకొని పెరగడంతో, సరుకు లారీలనూ వరంగల్ దారి బస్సులనూ నమ్ముకొని బతికే మరమ్మతు పనులు కూడా అక్కడ వేళ్లూనుకొన్నాయి. వాటిలో బ్రేకు షూలకు లైనర్లు కొట్టే పని ఒకటి. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీగా రూపొందిన క్రమంలో బస్సుల మరమ్మతు ఒక పద్ధతిగల వృత్తిగా స్థిరపడింది. ఆర్టీసీ జోనల్ వర్క్‌షాపు ఉన్నది ఉప్పల్‌లోనే.

లూయీ రెనో 1902లో రూపుదిద్దిన డ్రమ్ బ్రేకులో, చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప డ్రమ్ము లోపల నెలవంక ఆకారపు షూలు రెండు ఉంటాయి. పెడల్ తొక్కగానే అవి విచ్చుకొని డ్రమ్ము లోపలి గోడను ఒరుస్తాయి. ఆ ఒరిపిడిని భరించేది షూ వీపున బిగించిన లైనరు. అరిగిన లైనరు రివిట్లను తొలిచి తీసి, షూను శుభ్రం చేసి, కొత్తదానికి నడిమి రంధ్రాల నుంచి మొదలుపెట్టి రెండు కొసల వైపు రివిట్లు కొట్టుకుంటూ పోవాలి. కొసల నుంచి మొదలుపెడితే నడుమ లైనరు లేచి, షూకూ దానికీ మధ్య సందు మిగులుతుంది. రివిటు తల లైనరు మట్టానికి లోపలే ఉండాలి, లేకుంటే డ్రమ్ము మీద గాడి పడి, దాన్ని లేతు మీద చెక్కించాల్సి వస్తుంది.

అయితే ఈ పనిలో అసలు చిక్కు రివిట్ల దగ్గర కాదు, ఏ షూ ఎటు బిగించాలన్న దగ్గర ఉంది. మహీంద్రా సంస్థ 1947 నుంచి మన దేశంలో బిగించిన విల్లీస్ జీపును చూస్తే సంగతి తేటపడుతుంది. తొమ్మిది అంగుళాల డ్రమ్ముగల ఆ జీపులో ప్రతి షూకూ అడుగున విడివిడిగా ఇరుసుపిన్ను ఉంటుంది; పైనున్న వీల్ సిలిండరు రెండింటినీ సమానంగానే నెట్టినా, బండి ముందుకు పోయేటప్పుడు తిరిగే డ్రమ్ము ముందు షూను తనవైపు లాక్కొని, వెనక షూను వదిలించుకోజూస్తుంది. ఎక్కువ పని చేసి ఎక్కువ అరిగేది ముందు షూ కనుక, పొడవు లైనరు దానికే వేయాలి. డ్యూయో సర్వో అనే మరో రకం బ్రేకులో షూల అడుగుభాగాలు పిన్నులకు కాక ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ముందు షూ తాను లాగబడుతూనే వెనకదాన్ని నెడుతుంది కాబట్టి భారమంతా వెనక షూ మీద పడి, అక్కడ పొట్టి లైనరు ముందుకూ పొడుగు లైనరు వెనక్కూ వస్తాయి. ఒక బండి మీద నేర్చిన సూత్రాన్ని మరో బండికి అంటగట్టిన పనివాడు నైపుణ్యం లేనివాడేమీ కాదు. అతడు అడుగున ఇరుసుపిన్ను ఉందో లేదో చూడలేదు, అంతే.

ఈ వృత్తికి ఒక చీకటి కోణమూ ఉంది. రాతినార అని పిలిచే ఆస్‌బెస్టాస్ వేడిని ఓర్చుకుంటుందన్న కారణంతో దశాబ్దాలపాటు లైనర్లలో రాజ్యమేలింది. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది గాని, రోడ్డు పక్క షెడ్డులో డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదిన పనివాడికి అలాంటి రికార్డు రాసేవారెవరు? తడిగుడ్డతో తుడవడం అన్నది షూ బిగింపులో భాగమేనన్న స్పృహ ఆలస్యంగా వచ్చింది.

ఇప్పుడు కార్లకు, స్కూటర్లకు లైనరును జిగురుతో అతికించిన షూలు పెట్టెల్లో తయారుగా దొరుకుతున్నాయి గనుక, చిన్న బండ్లకు లైనరు కొట్టించేవారు తగ్గిపోయారు. పెద్ద లారీల్లో మాత్రం గాలి ఒత్తిడితో తిరిగే క్యాము షూలను విచ్చుకొనేలా చేస్తుంది, వాటి మందపాటి లైనర్లను నేటికీ ఎక్కువగా రివిట్లతోనే బిగిస్తున్నారు.