లెక్కించిన ప్రతులు: కృష్ణారెడ్డి ముద్రాచిత్రములు

చిత్రకారుడు గుడ్డపై వేసిన వర్ణచిత్రము ఒక్కటే యుండును. లోహపు రేకుపై చెక్కి, సిరా పట్టించి, కాగితముపై ఒత్తిన చిత్రము అట్టిది కాదు. ఒకే రేకు నుండి పది ప్రతులు తీయవచ్చును, వందయు తీయవచ్చును. అవి అన్నియు అసలైనవే. అట్లయినచో ఏబది ప్రతులతో పని చాలించి, రేకును పాడుచేయుట ఎందులకు? దీని వెనుక కొంత లోహశాస్త్రము, కొంత చరిత్ర కలవు. ఆ చరిత్రలో ఒక తెలుగువానికి ముఖ్యమైన స్థానము కలదు.

మొదట పరిమితిని విధించినది రేకే. సూదితో రాగిపై గీసినపుడు గీత అంచున లోహము సన్నగా లేచి నిలుచును. అందు సిరా పట్టి గీతకు మెత్తదనము కలుగును. కాని అచ్చుయంత్రపు ఒత్తిడికి ఆ అంచు త్వరలోనే అణగిపోవును. కనుక తొలి ప్రతులు చక్కగాను, తరువాతివి వెలవెలబోయియు ఉండెడివి. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ చెక్కిన ‘నూరు గిల్డర్ల చిత్రము’ యొక్క అరిగిన రేకు తరువాతి కాలమున విలియం బెయిలీ అను సైనికోద్యోగి చేతిలో పడెను. ఆయన 1775లో దానిని తిరిగి చెక్కి, సుమారు వంద ప్రతులు తీసి, పిమ్మట రేకును నాలుగు ముక్కలుగా కోసివేసెను. రేకు ఎవరి చేత నున్న, ప్రతులు తీయు శక్తియు వారిదే యని దీనివలన తెలియుచున్నది.

19వ శతాబ్దము మధ్యలో విద్యుత్తు సహాయముతో రాగిరేకుపై పలుచని ఇనుప పూత పూయు పద్ధతి వచ్చెను. దానితో రేకు చాలకాలము అరుగక నిలిచి, వేలకొలది ప్రతులు తీయుట సాధ్యమయ్యెను. ప్రకృతి విధించిన హద్దు తొలగెను. ఇక మిగిలినది కళాకారుని మాట మాత్రమే. లండనులో నివసించిన అమెరికా చిత్రకారుడు విస్లర్ వెనిస్ నగరమును గూర్చి చెక్కిన 12 చిత్రములు 1880లో ఒక్కొక్కటి 100 ప్రతులకు పరిమితముగా ప్రకటింపబడెను. క్రమముగా ప్రతి కాగితముపై పెన్సిలుతో సంతకము చేసి సంఖ్య వేయు ఆచారము స్థిరపడెను. ‘7/50’ అని యున్నచో మొత్తము 50 ప్రతులలో ఇది 7వ సంఖ్య గలదని అర్థము. అది గుణమును తెలుపు అంకె కాదు. 1960లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ కళాకారుల సభ కూడ సంతకము, సంఖ్య రెండును ఉండవలెనని సూచించెను.

సంఖ్య ఒక్కటి చూచిన చాలదనుటకు అమెరికాలోనే నిదర్శనము కలదు. ఆంగ్లేయుడైన స్టాన్లీ విలియం హేటర్ 1927లో పారిస్ నగరమున ఒక ముద్రణశాల స్థాపించెను. తరువాత దానికి ‘అటెలియే 17’ అను పేరు వచ్చెను. యుద్ధకారణమున 1940లో అది న్యూయార్కునకు తరలెను. అచ్చట 1944-45లో జాక్సన్ పొలాక్ కొన్ని రేకులు చెక్కెను. ఆయన 1956లో మరణించెను. వాటిలో కొన్నింటి నుండి 1967లో ఏబదేసి ప్రతులు తీయబడినవి. ఇవి నకిలీలు కావు. పొలాక్ కన్నులయెదుట అచ్చయినవియు కావు. కనుక సేకరించువారు ఎన్నవ ప్రతి అని మాత్రమే గాక, ఎప్పుడు, ఎవరు అచ్చువేసిరి అనియు విచారింపవలెను.

యుద్ధానంతరము హేటర్ 1950లో పారిస్ చేరెను. ఆ దశకమున ఆయన వద్దకు వచ్చినవారిలో కృష్ణారెడ్డి ఒకరు. 1925లో చిత్తూరు ప్రాంతమందలి నందనూరులో జన్మించిన ఈయన శాంతినికేతనములో నందలాల్ బోసు వద్ద చదివి, మద్రాసు కళాక్షేత్రములో బోధించి, లండనులో శిల్పవిద్య అభ్యసించిరి. రేకును కూడ ఆయన శిల్పమువలెనే చూచి, ఎత్తుపల్లములుగా చెక్కెడివారు.

అంతవరకు సాధారణముగా రంగుచిత్రమునకు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రేకు కావలసియుండెడిది. హేటర్, కైకో మోతీ, కృష్ణారెడ్డి మొదలగువారు ఒకే రేకు నుండి, ఒకే ఒత్తిడితో పలురంగులు వచ్చు మార్గము కనుగొనిరి. దీనికి ఆధారము ద్రవముల స్నిగ్ధత. శబరీతీరమందలి చింతూరు మన్యములో అడవితేనె నెరిగిన విద్యార్థికి ఇది సులభముగా బోధపడును. తేనెపాత్రను, కిరసనాయిలు పాత్రను ఒక్కమారుగా వంచినచో తేనె మెల్లగా జారును, కిరసనాయిలు వెంటనే పారును. తేనెకు స్నిగ్ధత ఎక్కువ. సిరాలో అవిసెనూనె పాలు పెంచినచో స్నిగ్ధత తగ్గును. నూనె తక్కువైనచో సిరా బిగువుగా నుండును.

మొదట రేకు గీతలలో ఒక రంగు నింపి పైభాగము తుడుతురు. పిమ్మట నూనె ఎక్కువగల సిరాను గట్టి రోలరుతో దొర్లింతురు. గట్టి రోలరు ఎత్తైన చోట్లను మాత్రమే తాకును. తరువాత బిగువైన సిరాను మెత్తని రోలరుతో దొర్లింతురు. అది అణగి పల్లములలోనికి పోవును. ఎత్తైన చోట్ల అప్పటికే యున్న నూనెసిరా ఈ రెండవ సిరాను అంటనీయదు. కనుక రంగులు పక్కపక్కనే యుండియు కలిసిపోవు. క్రమము తారుమారైనచో పలుచని సిరా చిక్కని దానిపై పట్టి, రంగులు ఒకదానిపై నొకటి పడును.

ప్రతి కాగితమునకును ఈ పని అంతయు మొదటినుండి చేయవలెను. నూనె పాలు కొంచెము మారినను, రోలరు ఒత్తిడి మారినను రంగు మారును. కావున ఇట్టి ఎడిషనులో రెండు ప్రతులు అచ్చముగా ఒకటే యగుట దుర్లభము. ‘50’ అను అంకె ఏబది మారులు జరిగిన శ్రమకు లెక్క.

కృష్ణారెడ్డి 1972లో పద్మశ్రీ పొందిరి. అదే దశకమున న్యూయార్కులో స్థిరపడి, న్యూయార్కు విశ్వవిద్యాలయములో ముద్రణకళను చిరకాలము బోధించిరి. తమ పద్ధతిని 1988లో గ్రంథముగా ప్రకటించి అందరికిని తెలియజేసిరి. 2018లో న్యూయార్కులో మరణించిరి. దానికి రెండేండ్ల ముందు, 2016లో, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము హేటర్, కృష్ణారెడ్డి, జరీనాల ముద్రాచిత్రములతో ప్రదర్శన నేర్పాటు చేసెను.

ముద్రాచిత్రమును సేకరించువాడు కాగితమును గూడ కాపాడవలెను. ఎండ తగిలిన రంగు వెలియును. చెమ్మ తగిలిన బూజు పట్టును. ఆమ్లముగల అట్ట తగిలియున్నచో కాగితము పసుపెక్కి పెళుసగును. రేకు పాడుచేయబడిన పిమ్మట చెడిన ప్రతికి బదులు మరియొకటి రాదు. పరిమితి వలన వెల హెచ్చుట నిజమే. కాని భద్రపరచు బాధ్యతయు దానితోనే హెచ్చుచున్నది.