మనిషి కూర్చోని సింహాసనం

దేవుడిలా ఏలే పాలకుణ్ణి వదిలించుకోవడం ఎలా అన్నది సైన్స్ ఫిక్షన్ యుద్ధ నవలలకు పాత చిక్కు. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నాటి ‘డ్యూన్’లో ఒక యువకుణ్ణి ప్రవక్తగా, చక్రవర్తిగా నిలబెట్టి, 1969లో వచ్చిన రెండో నవలలో అతని పేరు మీద సాగిన మారణకాండను చూపించాడు. 1981 నాటి ‘గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్’లో ఆ యువకుడి కొడుకు లీటో సుమారు 3,500 ఏళ్లు దేవుడై ఏలుతాడు. ఇకపై మనుషులు ఏ ఒక్కడి గుప్పిట్లోనూ ఇమడకూడదని చివరికి తన చావును తానే సిద్ధం చేసుకుంటాడు. గొప్ప ఊహే. కానీ దేవుడైన నాయకుడి పట్టు అతని ప్రాణంతో తప్ప పోదన్న నమ్మకం దాని అడుగున ఉంది. 1708లో గోదావరి ఒడ్డున నాందేడ్‌లో జరిగినదాన్ని చూస్తే ఆ నమ్మకం నిలవదు.

సిక్కుల గురువైన గోబింద్ సింగ్ దక్కనుకు వచ్చింది యుద్ధం దారిలోనే. ఔరంగజేబు చనిపోయాక గద్దెనెక్కిన బహదూర్ షా, హైదరాబాదులో తానే రాజునన్న తమ్ముడు కాంబక్ష్ మీదికి దండు కదిపాడు. ఆ దండు వెంట వచ్చిన గురువు నాందేడ్‌లో ఆగారు. అక్కడే హంతకుడి కత్తిపోటుకు గురై 1708 అక్టోబరు 7న కన్నుమూశారు. తన తర్వాత గురువు మనిషి కాడని, పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబే గురువని ఆయన ప్రకటించినట్టు సిక్కు సంప్రదాయం చెబుతుంది. నలుగురు కొడుకులూ ముందే పోయారు కాబట్టి వేరే దారి లేక అలా చేశారని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిలవదు. గురు నానక్ సొంత కొడుకులను కాదని శిష్యుడైన అంగద్‌కు గురుపీఠం ఇచ్చారు. శిష్యుణ్ణి ఎంచుకునే వీలు గోబింద్ సింగ్‌కూ ఉంది. పైగా 1699లో ఆనంద్‌పూర్‌లో ఐదుగురికి దీక్షగా అమృతం ఇచ్చి ఖాల్సా సమూహాన్ని నెలకొల్పాక, వారి ముందు చేతులు జోడించి తానూ వారి చేత అమృతం తీసుకున్నారు. తనను దేవుడన్నవారు నరకానికి పోతారని ఆయన పేర ఉన్న ‘బచిత్ర నాటక్’ హెచ్చరిస్తుంది. ఆ రచన ఎవరిదన్న వివాదం ఉంది గానీ, భక్తులే భద్రపరిచిన గ్రంథంలో ఆ హెచ్చరిక ఉండటమే పెద్ద సాక్ష్యం. అది ఎంత అరుదో మన తంజావూరును చూస్తే తెలుస్తుంది. అక్కడ తెలుగు ఆస్థానం విజయరాఘవ నాయకుణ్ణి దైవమనే కొలిచింది, అయినా అతను 1673లో మధుర సేనతో పోరులో మరణించాడు. కొద్ది కాలానికే ఆ రాజ్యం మరాఠాల పాలైంది.

నాందేడ్ ప్రకటనకు సమకాలిక ఆధారాలు పలచన అని, గ్రంథమే గురువన్న సిద్ధాంతం నిదానంగా స్థిరపడిందని డబ్ల్యూ. హెచ్. మెక్‌లియాడ్ వంటి చరిత్రకారులు వాదించారు. నిదానమే కావచ్చు. అయినా అది ఏ దిక్కుకు నడిచిందో ముద్రలు, నాణేలు చెబుతాయి. నాందేడ్‌లో ఉన్న మాధోదాస్ బైరాగి గురువు చేతుల మీదుగా బందా సింగ్ అయ్యాడు, ఉత్తరానికి వెళ్లి 1710లో సర్హింద్ గెలిచాడు. ముద్ర మీద తన పేరు వేయించుకునే సమయం అది. నానక్, గోబింద్ సింగ్‌ల పేర్లు వేయించాడు. అనుచరుల్లో కొందరు అతణ్ణే గురువుగా చేయబోతే ఖాల్సాలో అధికులు ఒప్పుకోలేదు. మనిషిని దేవుణ్ణి చేయాలన్న కోరిక ఎంత బలమైనదో, దాన్ని ఆపే కట్టడి అప్పటికే ఎంత గట్టిపడిందో రెండూ ఇక్కడ కనిపిస్తాయి. వందేళ్ల తర్వాత లాహోరును ఏలిన రంజిత్ సింగ్ కూడా గురువుల పేరునే నాణేలు వేశాడు. నాందేడ్‌లో గురువు దేహానికి దహనం జరిగిన చోట 1830లలో ఇప్పటి మందిరాన్ని కట్టించింది ఆయనే.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది బరువైనది. సిక్కుల ఐదు తఖ్త్‌లలో, అంటే సింహాసనాలలో, ఒకటైన ఆ నాందేడ్ మందిరం సచ్‌ఖండ్‌లో గురువు ఆయుధాలను భక్తితో కొలుస్తారు. మరి ఇది మనిషిని దేవుణ్ణి చేయడం కాదా? భక్తి ఆ మనిషి మీదే, అది కాదనలేం. కానీ పాలకుడి దైవత్వంలో ప్రమాదం పూజలో కంటే ఆజ్ఞలో ఎక్కువ. నేనే గురువునని ఆ తఖ్త్ మీద కూర్చుని ఆజ్ఞాపించే హక్కు అక్కడ ఎవరికీ లేదు. నిర్వహణ అధికారం మాత్రం మనుషులదే, అందుకే దాని మీద పోరు ఆగలేదు. 1956లో, ఇంకా నాందేడ్ తనలో భాగంగా ఉండగానే, హైదరాబాద్ రాష్ట్రం ఆ గురుద్వారా కోసం చట్టం చేసి బోర్డును ఏర్పరిచింది. 2024లో 17 మంది సభ్యుల్లో 12 మందిని ప్రభుత్వమే నియమించేలా మహారాష్ట్ర కొత్త చట్టం తలపెట్టినప్పుడు నాందేడ్ సిక్కులు వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది.