ఊదుగొట్టమా, చేటా?

చిక్కబళ్ళాపురం, చింతామణి, హోసూరు వైపున్న మనకు విమానం వింత కాదు. 2008 మేలో దేవనహళ్ళి విమానాశ్రయం తెరిచాక మరీను. మా బడిలో కన్నడంలో పాఠం చెబుతుంటే నెత్తిమీద విమానం పోతుంది. నేను కాస్త ఆగి మళ్ళీ అందుకుంటాను. ఒకనాడు ఓ పిల్లవాడు లేచి, "మేష్ట్రే, విమానానికి అంత చప్పుడు తప్పదా?" అన్నాడు. ఈనాటి ప్రసంగం వాడికి చెప్పిన జవాబే అనుకోండి.

1952 మే 2న బ్రిటిష్ వారి కామెట్ విమానం ప్రయాణికులతో లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు బయలుదేరింది. జనం టిక్కెట్టు కొని జెట్ విమానం ఎక్కడం అదే మొదలు. ఆనాటి జెట్ ఇంజను మన ఊదుగొట్టం లాంటిది. కొంచెం గాలిని సన్నని దారిలో మహావేగంగా తోస్తుంది. చేట సంగతి వేరు, ఎక్కువ గాలిని మెల్లగా కదుపుతుంది. పొయ్యి దగ్గర కూర్చున్న వారికి ఈ తేడా నేను చెప్పనక్కరలేదు.

లెక్క చూడండి. గాలి బరువు రెండింతలు చేసి వేగం సగానికి తగ్గిస్తే తోపుడు బలం అంతే ఉంటుంది. గాలికి ఇవ్వవలసిన శక్తి మాత్రం సగమే. ఇక చప్పుడు. అదే 1952లో జేమ్స్ లైట్‌హిల్ అనే గణితవేత్త, జెట్ శబ్దశక్తి వేగం ఎనిమిదో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని తేల్చాడు. అంటే అదే గొట్టం నుంచి వచ్చే గాలి వేగం సగమైతే శబ్దశక్తి 256వ వంతుకు దిగుతుంది! చప్పుడు, చమురు ఖర్చు, రెండింటికీ మందు ఒక్కటే.

ఈ సంగతి అమలులోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1958లో బోయింగ్ 707 న్యూయార్క్‌కు వచ్చినప్పుడు, చప్పుడుకు హద్దు పెట్టందే దిగనివ్వమని అక్కడి విమానాశ్రయాల అధికారులు పట్టుబట్టారు. కంపెనీవారు ఇంజను మూతికి గొట్టాల గుత్తి బిగించారు. చప్పుడు కొంత తగ్గింది గానీ ఇంధనం ఇంకా ఎక్కువ తాగింది. 1960లో మన ఎయిర్ ఇండియా కొన్న 707లకు రోల్స్ రాయిస్ వారి కాన్వే ఇంజన్లు ఉండేవి. వాటిలో కొంత గాలి కొలిమిలోకి పోకుండా పక్కదారిన వెళ్ళేది. అయితే అది కొలిమిలోకి పోయే గాలిలో మూడోవంతుకు మించదు. 1970 జనవరిలో వచ్చిన 747లో కొలిమి గాలి ఒక పాలైతే పక్కదారి గాలి ఐదు పాళ్ళు. ముందు పెద్ద పంఖా పెట్టడం వల్లనే అది సాధ్యమైంది. ఊదుగొట్టం పోయి చేట వచ్చిందన్నమాట.

1973 చివర చమురు ధర నాలుగింతలయ్యేసరికి పొదుపు మాట అందరి నోటా వినబడింది. అంతవరకూ చప్పుడు గురించి మొత్తుకున్నది రన్‌వే పక్క కాపురమున్న జనమే.

2016లో ఇండిగో వారు తెచ్చిన ఎ320 నియో విమానాల ఇంజన్లలో పక్కదారి గాలి సుమారు 12 పాళ్ళు. పంఖాకూ లోపలి చక్రాలకూ మధ్య గేరు పెట్టి, పంఖాను మెల్లగా తిప్పుతారు. గేరు మాట ఎలా ఉన్నా, లోపలి చక్రాలకు వాడిన లోహపు పొడిలో లోపం బయటపడి, 2023 నుంచి అనేక విమానాలు నేలమీదే నిలిచిపోయాయి.

కొలిమిలో మండేదాన్నే మార్చే ప్రయత్నమూ జరిగింది. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక స్పైస్‌జెట్ విమానం, మనం కంచెగా నాటే అడవి ఆముదపు నూనెతో చేసిన ఇంధనం కలుపుకొని ఎగిరింది.

ఇంతా చేసి, 1990 నుంచి 2019 నాటికి ప్రయాణికుడికి కిలోమీటరుకు పట్టే ఇంధనం సగానికి తగ్గింది. ప్రయాణాలు మాత్రం నాలుగింతలయ్యాయి. విమానాలు వదిలే బొగ్గుపులుసు వాయువు రెండింతలైంది. మా పిల్లవాడికి ఇది కూడా చెప్పాను. వాడు వేళ్ళమీద లెక్కపెట్టుకుని, "అయితే రోజుకు ఎన్ని విమానాలు పోతున్నాయి మేష్ట్రే?" అన్నాడు. ఆ లెక్క రాయడానికి ఇప్పుడు తరగతిలో ఓ నోటుపుస్తకం పెట్టాం.