మల్లప్రదర్శన కథలు: పురుషత్వము, ఆత్మీయత

జయాపజయములు ముందుగానే నిర్ణయింపఁబడి, నాటకమువలె నడుపఁబడు మల్లప్రదర్శనమునకు ప్రొఫెషనల్ రెజ్లింగ్ అని పేరు. దీని కథలకు పురుషత్వమే ప్రధానవస్తువు; అయినను కండబలమును, పగను, ప్రగల్భములను ఎంతగాఁ జాటునో, పురుషుల నడిమి యాప్యాయతను, అసూయను, కన్నీటిని గూడ నంతగానే యిది బరిలోనికిఁ దెచ్చును.

1940ల చివర అమెరికాలో గార్జియస్ జార్జ్ అను మల్లుఁడు ఉంగరాల జుట్టుతో, అత్తరు చల్లించుకొనుచు వచ్చి, పౌరుషమునుగూర్చిన ప్రేక్షకుల నమ్మకములను రెచ్చగొట్టి ప్రసిద్ధుఁడయ్యెను. 1987లో హల్క్ హోగన్, రాండీ శావేజ్ కరచాలనము చేసి ‘మెగా పవర్స్’ అను జంటగా నేర్పడిరి. 1989 ఫిబ్రవరిలో, పోటీనడుమ గాయపడిన శావేజ్ నిర్వాహకురాలు ఎలిజబెత్‌ను హోగన్ చేతులపై నెత్తుకొని లోపలికిఁ గొనిపోవఁగా, శావేజ్ దానిని ద్రోహముగా నెంచి మిత్రునిపైఁ జేయిచేసికొనెను. ఏప్రిల్ 2న రెసిల్‌మేనియా అను మల్లప్రదర్శనోత్సవమున హోగన్ గెలిచి యాతని చాంపియన్ బిరుదును గైకొనెను. ఇచట స్త్రీ నిమిత్తమాత్రము. తెగిపోయిన స్నేహమే అసలు కథ.

ఓడినచో విరమింపవలెనను నియమమునకు లోబడి 2008 మార్చి 30న ఓర్లాండోలో పోరాడిన రిక్ ఫ్లెయిర్‌ను కడపటి తాపునకు ముందు చూచి, ప్రత్యర్థి షాన్ మైఖేల్స్ కన్నీటితోఁ దడఁబడి, క్షమాపణమును, ప్రేమను పెదవులు గదల్చి తెలిపి, పిదపఁ దన్ని యోడించి, కౌఁగిలించుకొనెను. జపానులో ‘గోల్డెన్ లవర్స్’ అను జంటగాఁ బేరు వహించిన కెన్నీ ఒమేగా, కోటా ఇబుషీలు 2018 జనవరిలో సప్పోరో బరియందు ఆలింగనముతోఁ దిరిగి కలిసికొనిరి.

పట్టును కౌఁగిలియు నొకే బాహుబంధమునకు రెండు రూపములు. పోరు మిషగా నున్నందున, బయట సంకోచింపఁజేయు మమకారమునకు ఇచట చప్పట్లు లభించును.